మా అక్క ఏడవలేదు

“చదివినావు, సరే. ఇప్పుడు ఆ కండ్లు తుడుచుకొని మళ్ళా మొదట్నుంచి చదువు. వాడు నిన్ను యాడ ఏడిపించినాడో ఆ చోటు నాకు కావల్ల.”

అలివేలు కొంగుతో ముక్కు తుడుచుకుంది. సిగ్గేసింది. ఎదురుగా రాగుల మూట మీద కూర్చున్న మునివెంకటమ్మ కళ్ళలో తడన్నది లేదు. పిండి పట్టిన కనుబొమల కింద ఆ కళ్ళు అలివేలు చేతిలోని ఫోన్‌నే చూస్తున్నాయి, అందులోంచి ఏ తేలో జెర్రో బయటికి వస్తుందన్నట్టు.

కె.ఆర్.పురం స్టేషన్ వెనక సందులో మునివెంకటమ్మది పిండి మిల్లు. దాని పక్కనే అలివేలు జాకెట్లు కుట్టే కొట్టు. మధ్యాహ్నం కరెంటు పోతే మిల్లూ ఆగుతుంది, కుట్టుమిషన్ మోటారూ ఆగుతుంది. ఆడవాళ్ళిద్దరూ మాట్లాడుకునేది అప్పుడే. అలివేలుది కదిరి పక్క పల్లె. మొగుడితో కట్టడం పనికి వచ్చి ఇక్కడే నిలిచిపోయింది. బడికి పోయింది తక్కువే గాని, పొట్లం కట్టిన కాగితం దొరికినా విప్పి చదవందే పారేయదు. అట్లా చదివీ చదివీ ఇప్పుడు లావు పుస్తకాలు కూడా నమిలేస్తుంది. మునివెంకటమ్మ ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. బస్సు మీద బోర్డు మాత్రం కన్నడంలో ఉంటేనే చదవగలదు. మాలూరు దగ్గర పల్లెలో పుట్టి, అక్కడి బడిలో నేర్చుకున్న అక్షరం అదొక్కటే. తమ్ముడు వెంకటరాయప్ప మాత్రం చిన్నప్పుడే కుప్పంలో మేనత్త ఇంట చేరి తెలుగులో చదువుకున్నాడు. తర్వాత తెలుగు పంతులయ్యాడు. రిటైరై అత్తిబెలెలో ఉంటున్నాడు.

ఆ తమ్ముడు, ఏళ్ళ కిందట పోయిన తల్లి గౌరమ్మ చావు మీద ఒక అనుభవం రాశాడు. బ్రూక్‌ఫీల్డ్ దగ్గర తెలుగువాళ్ళ సంఘం ఒకటి పెట్టిన పోటీలో అది మొదటిదిగా నిలిచింది. ఆదివారం సంఘం హాల్లో బంధువులందరి ముందూ తనే చదవబోతున్నాడు. ముందుగా బంధువుల గ్రూపులో పెట్టాడు. అందరూ చదివారు, చదవడం రానివాళ్ళు చదివించుకున్నారు. తెలియనిది ఒక్క అక్కకే.

“చెప్పులకాడ నుంచి చదువు,” అంది మునివెంకటమ్మ.

అలివేలు చదివింది: “గడప దగ్గర చెప్పులు వదిలాను. ఎడమ చెప్పు తెగి ఉంది. ఎక్కడ తెగిందో తెలియదు. లోపల అమ్మ. అమ్మ పక్కన అక్క. చుట్టుపట్ల ఏ ఊళ్ళో చావు జరిగినా వెళ్ళి రాళ్ళను సైతం ఏడిపించిన మా అక్క. ఆ రోజు మా అమ్మకు మా అక్క ఏడవలేదు.”

“ఆగు. దాని తర్వాత ఏముండాది?”

“ఏం లేదత్తా. ఖాళీ వదిలినాడు. ఆ కింద మళ్ళా మొదలయితాది. ‘నేనే ఏడ్చాను. ఇద్దరి వాటా నేనే ఏడ్చాను’ అని.”

“వాటా అంట, వాటా! సైటు పంచినట్టు.” మునివెంకటమ్మ పక్కకు తిరిగి ఉమ్మింది. “నువ్వు ఏడ్చింది ఆ ఖాళీ కాడనే గదా?”

అలివేలు తల ఊపింది.

రాళ్ళను ఏడిపించిందన్నది మాత్రం తమ్ముడు కల్పించిన మాట కాదు. మునివెంకటమ్మ శోకం పెడితే వినడానికి పక్క వీధుల వాళ్ళు వచ్చి నిలబడేవారు. హూడి నుంచీ, హొసకోటె నుంచీ, అత్తిబెలె దాటి అవతలి నుంచీ ఆటో పంపి పిలిపించుకునేవారు. కూలికి ఏడ్చే మనిషి కాదు, ఒక కాఫీ కూడా పుచ్చుకోదు. చుట్టరికమో పొరుగుతనమో ఏదో ఒకటి ఉంటేనే వెళ్తుంది. లేకపోతే వెళ్ళాక కలుపుకుంటుంది. శవం తలాపున కూర్చుని, ముందు వరస పెట్టి పిలుస్తుంది. తర్వాత పొగుడుతుంది. ఆ తర్వాత, పోయినవాళ్ళకు బతికినవాళ్ళు చేసిన అన్యాయాలన్నీ ఒక్కొక్కటే రాగంలో బయటికి లాగుతుంది. కొడుకులు తల వంచుకుని వింటారు, కోడళ్ళు కొంగు నోటికడ్డం పెట్టుకుంటారు. శోకంలో అన్న మాటకు ఎదురు మాట లేదు. మధ్యలో ఆపేందుకూ లేదు, తర్వాత నిలదీసేందుకూ లేదు. అది వాళ్ళలో ఎప్పట్నుంచో ఉన్న కట్టుబాటు. ఇప్పుడు స్పీకరు పెట్టెల్లో పాటలు వేసేస్తున్నారు గనక పిలుపులు తగ్గాయి. తగ్గినా, పాతవాళ్ళు ఆమె రానిదే శవాన్ని ఎత్తనిచ్చేవారు కాదు.

పోయిన వారం దాకా.

పోయిన వారం హూడిలో పుల్లమ్మ పోయింది. మునివెంకటమ్మకు చిన్ననాటి నుంచీ తెలిసిన మనిషి. చీర మార్చుకుని ఆటో కోసం గడపలో కూర్చుంటే ఎవరూ రాలేదు. మాలూరు నుంచి పినతల్లి కూతురు మునిలక్ష్మి ఫోన్ చేసి, “ఏం మే, సొంత తల్లి మీదే అంత కసి పెట్టుకున్నదానివి, పుల్లమ్మకేం ఏడుస్తావులే అనుకున్నారంట,” అని చెప్పి పెట్టేసింది. మునిలక్ష్మికి వాళ్ళ చిత్తూరు కోడలు ఫోన్‌లో చదివి వినిపించిందట. మునివెంకటమ్మకు తమ్ముడేదో రాశాడని తెలిసింది అట్లా. ఆ రోజు నుంచీ కరెంటు పోయినప్పుడల్లా అలివేలు చేత చదివించుకుంటూనే ఉంది.

“ఇప్పుడు చూడు,” మునివెంకటమ్మ ముందుకు వంగింది. “వాడు ముందర చెప్పులు చూపించినాడు. ఎందుకు? తెగిన చెప్పు నిజం. నేను గూడా చూసినా. తెగిన చెప్పును నమ్మినోళ్ళు దాని ఎనకాల వచ్చేదాన్నంతా నమ్ముతారు. నేను గూడా అట్లే చేస్తా. పోయినామె చేతి గాజో, పండ్లమీద వక్కాకు మరకో, ఏదో ఒకటి ముందర పట్టుకుంటా.”

“అవునత్తా. నాకు చెప్పు కాడనే గొంతు పట్టేసింది.”

“పట్టేస్తాది. పిల్లోడు పని తెలిసినోడే.” ఆ మాటలో మెప్పూ ఉంది, కత్తీ ఉంది. “తర్వాత నన్ను ఎత్తినాడు. రాళ్ళను ఏడిపించిందంట! ఎత్తు మీద నిలబెట్టి తోసినాడు మే. కింద ఉన్నదాన్ని తోస్తే ఏమయితాది, చీర దులుపుకొని లేస్తాది. ఎత్తి తోస్తేనే నడుము ఇరుగుతాది. తోసినాక ఏం చేసినాడు? నోరు మూసుకున్నాడు. ఆ ఖాళీలోనే ఉండాది విషం. చదివినోళ్ళు తలా ఒక మాట తెచ్చి దాంట్లో పోస్తారు. నువ్వేం పోసినావో చెప్పు.”

అలివేలు ఉలిక్కిపడింది. “నేనేం పోస్తానత్తా?”

“చెప్పు మే. నేనేం కొట్టను.”

చాలాసేపు ఫోన్ అంచును గోటితో గీరింది అలివేలు. “ఆమె నీకాడే గదా ఉండింది. చాకిరీ చేసీ చేసీ విసిగిపోయి ఉంటావని... పోతే పోయిందిలే అని నీకు...” మిగతాది మింగేసింది.

“చూసినావా.” మునివెంకటమ్మ ముఖం కదల్లేదు. “పక్కన కూర్చొని నా చేతి ముద్ద తినేదానివి, నువ్వే అట్ల పోసినావు. మాలూరోళ్ళు ఏమేమి పోసి ఉంటారు!”

“మరి ఎందుకు ఏడవలేదత్తా?” అని అడిగేసింది అలివేలు. ఇన్నిసార్లు చదివినా అడగని ప్రశ్న అది.

మునివెంకటమ్మ లేచి, ఆగిపోయిన మిల్లు తొట్టిలో చెయ్యి పెట్టి మిగిలిన రాగులు తుడిచింది. మళ్ళీ వచ్చి కూర్చుంది.

“కొడుకు వచ్చి గడప తొక్కేదాకా శోకం పెట్టగూడదు. మాలో అట్ల. కొడుకు లేకుండా పెడితే కొడుకు లేని శవం అయితాది. వీడు పిల్లోళ్ళ పరీక్ష పేపర్లు దిద్దేదానికి యాడికో పోయి ఉండాడు. పొద్దున పోయింది మాయమ్మ. ఆడోళ్ళంతా వచ్చి నా నోటికల్లా చూస్తా ఉండారు. నేను పండ్లు బిగబట్టుకొని కూర్చున్నా. గొంతులో ఆడించిన పిండి కుక్కినట్టు ఉండింది. సాయంత్రమయింది. వాడు వచ్చినాడు. గడప తొక్కినాడు. నేను నోరు తెరిచినా. తెరిచేలోపల వాడు దబీమని పడిపోయినాడు. ఉండే ఆడోళ్ళంతా వాడికల్లా ఉరికిరి. నీళ్ళు తెండ్రీ, గాలి ఇసరండ్రీ, సోడా తెండ్రీ! వాడు లేచేసరికి పొద్దు గుంకుతా ఉండాది, ఎత్తల్ల ఎత్తల్ల అని మొగోళ్ళు తొందర. ఎత్తేసిరి.”

“అయితే నువ్వు...”

“నేను తెరిచిన నోరు మూసుకున్నా. శవం ముందర పెట్టేదే శోకం. మన్ను కప్పినాక ఏడిస్తే అది ఉత్త ఏడుపు. అది నేను ఎంత ఏడ్చినానో ఈ మిల్లుకు తెలుసు.”

సందు చివర స్కూటర్ ఆగింది. తెల్లచొక్కా, చేతిలో కాగితం కవరు. వెంకటరాయప్ప. అలివేలు లేవబోతే మునివెంకటమ్మ ఆమె మోకాలు అదిమి కూర్చోబెట్టింది.

“అక్కా, బాగుండావా? ఆదివారం కార్డు ఇచ్చిపోదామని వచ్చినా.” నవ్వుతూ కవరు ముందుకు పెట్టాడు. “స్టేజీ మీద నీకు శాలువా కప్పాలని ఒప్పించినా వాళ్ళని.”

“ఏ తప్పు చేసినానని కప్పుతారప్పా?”

నవ్వు ఆగిపోయింది. ఫోన్ చూశాడు, అలివేలును చూశాడు, అర్థం చేసుకున్నాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“చదివించుకున్నావా? మంచిది. దాంట్లో అబద్ధం యాడుండాదో చూపించక్కా. ఒక్కటి చూపించు.”

“అబద్ధం లేదు. అబద్ధం రాసి ఉంటే ఈపాటికి నీ చెంప పగలగొట్టి ఊరుకుంటుంటి. నిజాలన్నీ తెచ్చి వరస మార్చినావు. నువ్వు వచ్చినాక నేను ఏడవలేదంటివే, నువ్వు వచ్చేదాకా ఆగితినన్నది యాడ? నువ్వు పడితివే, అది యాడ రాయప్పా? నీకు సోడా తాపింది యాడ? మే అలివేలూ, దాంట్లో యాడన్నా సోడా ఉండాదా?”

అలివేలు అడ్డంగా తల ఊపింది. సోడా లేదు.

“అది రచన అక్కా, పంచాయితీ గాదు. అన్నీ పూసగుచ్చినట్టు చెప్తే చచ్చిపోతుంది. జడ్జీలు ముగ్గురూ ఆ ఒక్క మాట కిందనే గీత గీసినారు తెలుసా?”

“గీస్తారు. నా మెడ మీద గీసినారు.”

“అబ్బ! నువ్వు చేయని పనా?” వెంకటరాయప్ప గొంతు పెరిగింది. పాఠం చెప్పిన గొంతు, అది కూడా తక్కువది కాదు. “చిక్కమునియప్ప పోయినప్పుడు ఏమన్నావు? తాగి తాగి పెండ్లాం తాళి గూడా అమ్ముకున్నోణ్ణి ధర్మరాజు చేస్తివి. వాడి కొడుకును నలుగురిలో కసాయోణ్ణి చేస్తివి. ఆ పిల్లోడు ఊళ్ళో తలెత్తుకోలేక హొసూరు పోయినాడు. వాడు గంజి పోసింది ఎందుకు చెప్పలేదు? వాడు ఆసుపత్రుల చుట్టూ తిరిగింది ఎందుకు చెప్పలేదు? శోకం చెడిపోతుందనే గదా? నీ కాడ నేర్చుకున్నదే నేను రాసింది!”

అది తగిలింది. మునివెంకటమ్మ చేతిలోని రాగి గింజలు వేళ్ళ సందుల్లోంచి జారాయి.

“నిజమే,” అంది. “ఆ పిల్లోడికి నేను చేసింది అన్యాయమే, ఎప్పుడన్నా వాడే వచ్చి నన్ను అడగనీ. గానీ వాడు నా ఎదురుగా నిలబడి ఉండాడప్పా. నా నోరు వాడు చూసినాడు, వాడి మొగం నేను చూసినా. చుట్టూ ఉన్నోళ్ళకి వాళ్ళ నాయన ఎట్లాంటోడో తెలుసు, ధర్మరాజు అంటే ఎంత తీసేసి వినాల్నో తెలుసు. నువ్వు నేను లేని చోట అన్నావు. నాకు రాని అక్షరంలో అన్నావు. మాయమ్మను చూడనోళ్ళకి, నన్ను చూడనోళ్ళకి చెప్పినావు. వాళ్ళు దేన్ని తీసేసి వింటారు?”

వెంకటరాయప్ప కవరును మోకాలి మీద తిప్పాడు. “ఇప్పుడేం చేయమంటావు? ఆ మాట తీసేస్తే మొత్తం కూలిపోతుంది. దాని మీదనే నిలబడి ఉండాది అది.”

“ఓహో. నన్ను గుంజగా పాతి నా మీద పందిరి ఏసుకున్నావు.”

“అక్కా...”

“తీయొద్దు. నేను ఏడవలేదు, ఉండనీ. దాని కింద ఆ ఖాళీ ఉండాది గదా, దాంట్లో ఒక్క మాట పెట్టు. ‘నేను గడప తొక్కేదాకా ఆగింది’ అని. అంతే. శాలువా వద్దు, నా పొగడ్త వద్దు.”

అతను కాదనలేదు. కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. చదివి చూసుకుంటున్నాడని అలివేలుకు తెలిసిపోయింది. గడప, చెప్పు, అమ్మ, అక్క, ఏడవలేదు, నేను గడప తొక్కేదాకా ఆగింది. తర్వాత? నేనే ఏడ్చాను... అక్కడ పెదాలు ఆగిపోయాయి. ఇంకోసారి మొదట్నుంచి పోయాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. రాగి పిండి పట్టిన గోడ కేసి చూస్తూ ఉన్నదున్నట్టు చెప్పాడు.

“అప్పుడు నా ఏడుపు చిన్నదైపోతుందక్కా.”

“చిన్నదే గదప్పా అది.”

స్టూలు వెనక్కి పడింది. వెంకటరాయప్ప మెడ దాకా ఎర్రబడ్డాడు. “నాకూ తల్లే ఆమె! నువ్వొక్కతే మోసినావా? నీ మాదిరి రాగం తీయడం రానోడికి ఏడుపు లేదా?” కవరు మిల్లు తొట్టి మీద విసిరాడు. “రాసింది రాసినట్టే చదువుతా. ఇష్టముంటే రా, లేకుంటే మానేయి. శాలువా వేరేవాళ్ళకు కప్పుకుంటారు.”

“కప్పుకోండి. చలికాలం.”

స్కూటర్ రెండుసార్లు తన్నినా స్టార్టు కాలేదు. మూడోసారికి కదిలింది. సందు మలుపు తిరిగేదాకా అతను వెనక్కి చూడలేదు, ఆమె కూడా అటు చూడలేదు.

అలివేలు కవరు తీసి పిండి దులిపింది. ఇద్దరిదీ నిజమేనేమో అనిపించింది గాని, ఆ మాట ఈ మనిషి ముందు అనే ధైర్యం లేదు. “పోవొద్దులే అత్తా,” అంది చివరికి. “ఆడికి పోయి అందరి మొగాలు చూసుకుంటా, ఆ మాట వినుకుంటా కూర్చోవడమెందుకు? ఆ పొద్దు మిల్లు మూసి మనమెక్కడికన్నా పోదాం.”

మునివెంకటమ్మ వినలేదు. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు తల చిన్నగా ఊగుతోంది.

“మే అలివేలూ. వాడు ఆదివారం చదివేటప్పుడు ముందర ఏం చదువుతాడు?”

“గడప. చెప్పులు.”

“వాడు గడప తొక్కినట్టే గదా?”

“అవును.”

“తర్వాత?”

“లోపల అమ్మ. పక్కన...” అలివేలు నోరు అలాగే ఉండిపోయింది. ఆమె ఎక్కడికి వెళ్తోందో కనబడింది. “అత్తా, శవం ముందరే శోకమన్నావే.”

“శవం ఉండాది. చుట్టాలందరి ముందర మాయమ్మను మళ్ళా పండుకోబెట్టబోతాడు వాడు. కొడుకు గడప తొక్కి వచ్చి ఉంటాడు. పక్కన అక్క అని వాడే చెప్తాడు. వాడే నాకు ఖాళీ గూడా వదిలిపెట్టి ఉండాడు మే, ఆ మాట తర్వాత. ఊపిరి పీల్చుకొని జనం కల్లా చూస్తాడు చూడు, ఏడుస్తారా లేదా అని, అంత ఖాళీ. నాకు అది చాలు.” గొంతు సవరించుకుంది. “అమ్మా గౌరమ్మా...” అని పెదాల మీదే మొదలుపెట్టి, రాగం లేవబోతుండగా తుంచేసింది. “ఇప్పుడు వద్దు. ఇన్నేళ్ళు ఆగినా, ఆదివారం దాకా ఆగలేనా?”

“ఆపేస్తారేమో అత్తా. సంఘం వాళ్ళు, పెద్ద పెద్దోళ్ళు...”

“వాళ్ళు ఆపచ్చు. మావోళ్ళు ఆపనీయరు. మునిలక్ష్మి వస్తాది, హూడోళ్ళు వస్తారు. శోకం మధ్యలో నోరెత్తేవాడు మాలో ఇంకా పుట్టలేదు. వాడు గూడా ఎత్తడు. పంతులైనా మాయమ్మ కడుపున పుట్టినోడే గదా. సోడా గూడా అడుగుతా నేను. రాగంలో అడుగుతా.”

మొదటిసారి నవ్వింది. మంచి నవ్వు కాదు అది.

ఉన్నట్టుండి బల్బు వెలిగింది. మునివెంకటమ్మ లేచి కొంగు నడుముకు దోపింది, కార్డును అలివేలు చేతిలో పెట్టింది.

“నువ్వు తెలుగు చదువుతావు, వాళ్ళతో సరిగా మాట్లాడతావు. నాకొక పని చేసిపెట్టు. రేపు కొట్టు తెరిచే ముందర ఒకసారి బ్రూక్‌ఫీల్డ్ పోయి ఆ హాలు చూసి రా. ఆడోళ్ళను యాడ కూర్చోబెడతారో అడుగు. వాడు నిలబడి చదివే చోటికి సరిగ్గా ఎదురుగా, ముందర వరసలో, ఒక కుర్చీ నాకని చెప్పిపెట్టు. పెద్దామెకు చెవులు సరిగా వినపడవని చెప్పు, ఇస్తారు.”

“మైకు కూడా ఏమన్నా...” అనబోయింది అలివేలు.

మునివెంకటమ్మ స్విచ్చి వేసింది. బెల్టు కదిలి, మిల్లు ఒక్కసారిగా హోరుమంది. గోడమీది డబ్బాలు గలగలలాడాయి. ఆ హోరు మీదుగా, పెద్దగా అరిచినట్టు కూడా లేకుండా, ఆమె గొంతు వచ్చి అలివేలు చెవిలో పడింది.

“మైకు వాడికే ఉండనీ. నువ్వు కుర్చీ సంగతి చూసి రా, పో!”